మార్నింగ్ షోకి తాళం చెవి

పెట్టె నిన్న రాత్రే దిగింది.
కాంప్లెక్స్ పార్సిల్ కౌంటర్లో సంతకం పెట్టి
స్కూటర్ ముందు, కాళ్ల మధ్య పెట్టుకుని తెచ్చాను.
అరచేతంత డిస్కు.
రెండున్నర గంటల సినిమా అందులో ఉందంటే ఉంది.
లేదంటే, నా వరకూ, లేదు.

తాళం చెవి మెయిల్లో వస్తుంది.
ఇనప ముక్క కాదు, నాలుగు పేజీల అంకెలు, అక్షరాలు.
శుక్రవారం పొద్దున్న ఎనిమిదికి పుట్టి
వచ్చే గురువారం అర్ధరాత్రికి చచ్చిపోతుంది.

పదకొండుకి ఆట. పదీ యాభై అయింది.
కింద కంచరపాలెం సగం కుర్చీల్లో ఉంది,
మిగతా సగం గేటు దగ్గర.
మెషీను ఒకటే మాట మీద కూర్చుంది:
ఈ చెవి ఈ తాళానిది కాదు.

ఎందుకు కాదో నాకు తెలుసు.
మంగళవారం పాత మెషీన్ని పట్టుకుపోయారు.
హార్బరు గాలికి లోపలి బోర్డు పచ్చగా చిలుమెక్కింది.
గుడ్డతో తుడిచేస్తానంటే
కంపెనీ కుర్రాడు చెయ్యి పట్టుకున్నాడు,
మూత తెరిస్తే పెళ్లి చెడిపోద్దన్నాడు.
పెళ్లి! ఆ మాటే అన్నాడు, నవ్వకుండా.
దీపానికీ పెట్టెకీ ముడేసి సీలేస్తారట,
స్క్రూ కదిలితే విడాకులు,
మళ్లీ ముహూర్తం వాళ్లే పెట్టాలి.

కొత్తది బిగించారు.
కొత్తదంటే ఎక్కడో మూతపడ్డ హాలుది.
చెవి మాత్రం పాతదాని పేరు మీదే వచ్చింది,
గోడౌన్లో గోనె కప్పుకుని పడుకున్నదాని పేరు మీద,
ఖాళీ చేసి వెళ్లిపోయిన అద్దెవాళ్లకి
ఉత్తరం వచ్చినట్టు.

ఫోన్ చేశాను. ఒకటి నొక్కమంది.
నొక్కాను. పాట పెట్టింది.

ఓనరు తాతబాబు గారు ఆయాసపడుతూ మెట్లెక్కారు.
"అద్దె కట్టీసేంరా, నిన్ననే కట్టీసేం" అంటూ
రసీదు మెషీనుకి చూపిస్తున్నారు.
ఆట ఆడినా ఆడకపోయినా వారానికి ఇంత.
హాలు ఆయనది, కుర్చీలు ఆయనవి,
కుర్చీల్లో నల్లులు కూడా ఆయనవే,
వెలుగొక్కటే అద్దెది.

నేను ఈ గదిలోకొచ్చింది సైకిలు మీద.
పద్నాలుగేళ్లు నాకప్పుడు.
గోపాలపట్నంలో ఆడిన రీలు క్యారేజీకి కట్టుకుని ఇక్కడికి,
ఇక్కడ ఆడింది అక్కడికి.
దార్లో రైలు గేటు పడిందా,
ఇంటర్వెల్ ఇంకో ఇరవై నిమిషాలు సాగేది.
సోడాల అప్పయ్యమ్మ గూడ్సుబండికి దణ్ణం పెట్టుకునేది.
అప్పుడూ ఆలస్యమే.
కానీ ఆ ఆలస్యాన్ని నేను తొక్కేవాణ్ణి,
చెమట నాది, తిట్లు నాకు.
ఇప్పటిదాన్ని ఎవరు తొక్కుతున్నారో,
ఏ ఊళ్లో ఉన్నారో.

ఆ కుర్రాడే ఇంకోటి కూడా చెప్పాడు.
బొమ్మలో కంటికానని చుక్కలుంటాయట.
ఎవడైనా ఫోనెత్తి దొంగతనంగా తీస్తే
ఆ చుక్కలు కలుపుకుంటూ పోయి
ఏ ఊరు, ఏ హాలు, ఏ ఆటో చెప్పేస్తారట.
ముప్ఫై ఏడేళ్లుగా ఏ టైటిల్స్‌లోనూ లేనివాణ్ణి.
ఆ రాత్రి సెకండ్ షో అంతా
గది అద్దానికి ముక్కు ఆనించి వెతికాను,
హీరో చెంప మీదా, ఆవిడ చీర కుచ్చిళ్లలోనా,
మా కంచరపాలెం ఎక్కడుందా అని.

కింద కుర్చీలు చప్పుడు చేస్తున్నాయి.
ఎవడో నా పేరెత్తి తిట్టాడు. పాపం, పేరు తప్పు.
ఫోన్లో పాట మూడోసారి మొదలైంది.

పదకొండూ ఇరవై రెండుకి మెయిలొచ్చింది.
పెన్‌డ్రైవ్ గుచ్చాను.
ఎర్రచుక్క కాసేపు ఆలోచించి పచ్చబడింది.
ఈలలకి గది అద్దం వణికింది.
తాతబాబు గారు రసీదు నాలుగు మడతలు పెట్టి
లోపలి జేబులో దాచుకున్నారు.

మెట్ల కిందనుంచి అప్పయ్యమ్మ మనవడు, సమోసాల ట్రే నెత్తిన పెట్టుకుని:
"మావా, ఇంటర్వెల్ ఎన్నింటికి?"

నిమిషం, సెకను, మెషీను మీద రాసే ఉంది.
అయినా చెవి
గూడ్సుబండి కోసం
పట్టాల వైపు పోయింది.